లూసీ ఏమైనట్టు?

1990ల నడుమ అమెరికాలో ఒక విశ్వవిద్యాలయపు ఊళ్ళో చదువుకుంటున్న రోజుల్లో మేము నలుగురు తెలుగు విద్యార్థులం ఒక పాత ఇంటి మేడ మీద అద్దెకు ఉండేవాళ్ళం. హాలుకు వెళ్ళి కొత్త సినిమాలు చూసే స్తోమత మాకు లేదు గాని, ఊరి గ్రంథాలయం వాళ్ళు వీడియో క్యాసెట్లు ఊరికే ఇచ్చేవారు. వాటిలో పాతవాటి జోలికి ఎవరూ వెళ్ళేవారు కారు కనుక, శుక్రవారం సాయంత్రం ఎంత ఆలస్యంగా వెళ్ళినా ఆ అర మాకోసం నిండుగానే ఉండేది. 1931 నాటి ‘డ్రాక్యులా’ మా ఇంటికి వచ్చింది అలాగే. యూనివర్సల్ సంస్థ తీసిన, టాడ్ బ్రౌనింగ్ దర్శకత్వం వహించిన, బేలా లుగోసి నల్లని కేప్ కప్పుకుని నడిచిన ఆ సినిమా నిడివి 75 నిమిషాలు. దాని మీద మేము చేసిన వాదోపవాదాలు మాత్రం ఆ చలికాలమంతా సాగాయి.

వాదన మొదలుపెట్టేది ఎప్పుడూ ఒక్కడే. తెనాలి నుంచి సంఖ్యాశాస్త్రం చదవడానికి వచ్చిన అతన్ని మేమంతా ‘ప్లీడరు గారూ’ అని పిలిచేవాళ్ళం. చిన్నప్పుడు బేతాళ కథలు అతిగా చదివిన ఫలితమో ఏమో, కథ పూర్తయిన వెంటనే ఒక ప్రశ్న వెయ్యకపోతే అతనికి నిద్ర పట్టేది కాదు. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే మా తలలు వెయ్యి వక్కలవుతాయని బెదిరించేవాడు కూడా. మిగిలిన ఇద్దరిలో ఒకడు ఫార్మసీ విద్యార్థి, మరొకడు టెక్సాస్‌లో ఒక ఏడాది చదివి మా విశ్వవిద్యాలయానికి మారి వచ్చినవాడు. ఈ వివరాలు ఎందుకు చెబుతున్నానంటే, ఆ సినిమా ఒక్కొక్కరికి ఒక్కొక్క చోట అడ్డు తగిలింది. ఎవరి చదువుకు తగిన సందేహం వారికి కలిగింది.

కథ తెలియనివారి కోసం రెండు మాటల్లో చెబుతాను. రెన్‌ఫీల్డ్ అనే ఇంగ్లీషు యువకుడు, ఇంగ్లండులోని కార్ఫాక్స్ ఆబీ అనే పాడుబడిన భవనపు లీజు పత్రాలు పట్టుకుని ట్రాన్సిల్వేనియాలోని కోటకు వెళ్తాడు. కోట యజమాని డ్రాక్యులా, పగలు తన మట్టిలో పడుకుని రాత్రి మనుషుల రక్తం తాగే పిశాచి, అతన్ని తన బానిసగా మార్చి, మట్టి నింపిన పెట్టెలతో ఓడ ఎక్కి ఇంగ్లండు చేరుకుంటాడు. అక్కడ డాక్టర్ సీవర్డ్ నడిపే మానసిక చికిత్సాలయం పక్కనే మకాం పెట్టి, ముందు లూసీ అనే యువతిని చంపుతాడు, తరువాత సీవర్డ్ కూతురు మీనా మీద కన్ను వేస్తాడు. ఆచార్య వాన్ హెల్సింగ్ అతని రహస్యం కనిపెట్టి, మీనాను పెళ్ళాడబోయే హార్కర్ వెంట రాగా వెంటాడి, చివరికి గుండెలో కొయ్య మేకు దించి కథ ముగిస్తాడు.

మొదటిసారి చూసిన రాత్రి మమ్మల్ని పట్టుకున్నది ఆ సినిమాలోని నిశ్శబ్దం. మాటల చిత్రాలు వచ్చిన తొలి ఏళ్ళలో నేపథ్య సంగీతం వాడే అలవాటు ఇంకా స్థిరపడలేదు. పేర్లు పడేటప్పుడు చైకోవ్‌స్కీ ‘స్వాన్ లేక్’ నుంచి ఒక ముక్క వినిపిస్తుంది, మధ్యలో సంగీత మందిరం దృశ్యంలో కచేరీ వినిపిస్తుంది, మిగిలినదంతా దాదాపు శూన్యమే. కోట మెట్ల మీద దీపం పట్టుకుని డ్రాక్యులా నిలబడి ఉండగా, మా గదిలోని పాత హీటరు గొట్టాలు టకటకమని కొట్టుకోవడం తప్ప మరో చప్పుడు లేదు. ఆయన సాలెగూడు తెగకుండా దాని అవతలికి వెళ్ళిపోవడం, వెనకాలే వస్తున్న రెన్‌ఫీల్డ్ అదే గూటిని చేతికర్రతో చింపుకుని రావలసి రావడం చూసి, ఎప్పుడూ వాగే ప్లీడరు కూడా నోరు మూసుకున్నాడు. మొదటి ఇరవై నిమిషాల్లో ప్రశ్న వెయ్యాలన్న ఆలోచన ఎవరికీ రాలేదని చెప్పాలి, ఒక్క ఆర్మడిల్లోల విషయంలో తప్ప.

ఆర్మడిల్లో మన అలుగులాగా ఒంటి మీద పెంకులున్న జంతువు, అమెరికా ఖండాలలో తప్ప మరెక్కడా సహజంగా ఉండదు. కోట నేలమాళిగలో డ్రాక్యులా, అతని ముగ్గురు స్త్రీలు శవపేటికల నుంచి లేచే గొప్ప దృశ్యంలో ఆ జంతువులు తాపీగా తిరుగుతూ ఉంటాయి. టెక్సాస్ మిత్రుడు వాటిని చూడగానే లేచి నిలబడి, తాను రోడ్ల పక్కన రోజూ చూసిన జంతువు కార్పాతియన్ కొండల్లోకి ఎలా వచ్చిందని అడిగాడు. అదే చోట ఒక చిన్న పెట్టెలోంచి పురుగొకటి బయటికి పాకుతుంది. దానికి కూడా సొంత శవపేటిక ఉందా అన్న సందేహం అప్పటి నుంచి ఉంది. ఇవి నవ్వుకోవడానికి పనికివచ్చే సంగతులే గాని కథకు తగిలే చిల్లులు కావు. కాలిఫోర్నియాలో తీసిన సినిమాకు దొరికిన జంతువులతో సరిపెట్టుకున్నారని నా ఊహ.

అసలు చిక్కు ఓడ దిగిన తరువాత మొదలవుతుంది. తుఫానులో కొట్టుకుంటూ ‘వెస్టా’ అనే ఓడ విట్‌బీ రేవుకు చేరుతుంది. నావికులందరూ చచ్చి ఉంటారు, బతికి ఉన్నది ఒక్క రెన్‌ఫీల్డే, అతనికీ మతి చలించి ఉంటుంది. తెర మీద కనిపించే వార్తాపత్రిక ప్రకారం అతన్ని లండన్ దగ్గరున్న సీవర్డ్ చికిత్సాలయంలో ఉంచుతారు. కొద్దిసేపటికే లండన్ సంగీత మందిరంలో డ్రాక్యులా సీవర్డ్‌ను పలకరించి, విట్‌బీలో చికిత్సాలయం నడిపే సీవర్డ్ మీరేనా అని అడుగుతాడు, ఆయన అవునంటాడు. విట్‌బీ ఉత్తరాన యార్క్‌షైర్ తీరంలో ఉంది, లండన్‌కు మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. మరి ఆ చికిత్సాలయం ఎక్కడున్నట్టు? ప్లీడరు గ్రంథాలయం నుంచి అట్లాసు తెచ్చి స్కేలు పెట్టి కొలిచాడు. పగలంతా పెట్టెలో పడుకోవలసినవాడు, ఒకే రాత్రి లండన్ వీధిలో పూలమ్మే పిల్లను చంపి, సంగీతం విని, పరిచయాలు చేసుకుని, తెల్లవారేలోగా సొంత మట్టిలోకి ఎలా చేరుకుంటాడని అతని వాదం. గబ్బిలమై ఎగిరి వెళ్తాడని నేను అంటే, గబ్బిలం వేగం ఎంతో చెప్పమన్నాడు.

బ్రామ్ స్టోకర్ రాయగా 1897లో వచ్చిన ‘డ్రాక్యులా’ మూల నవలలో ఈ గందరగోళం లేదు. అందులో ఓడ విట్‌బీకి వస్తుంది, లూసీ అక్కడ సెలవులు గడుపుతూ ఉంటుంది, తరువాత కథ లండన్ పొలిమేరకు మారుతుంది, చికిత్సాలయమూ కార్ఫాక్స్ భవనమూ అక్కడ ఉంటాయి. సినిమా వాళ్ళు రెండు ఊళ్ళను ఒకటిగా నొక్కేసి, అతుకు కనిపించకుండా ఉంచడం మరచిపోయారు.

నన్ను ఎక్కువగా వేధించినది రెన్‌ఫీల్డ్ వ్యవహారం. కార్ఫాక్స్ ఆబీని కౌంట్ డ్రాక్యులా పేరు మీద లీజుకు ఇచ్చిన మనిషి అతనే. ఆ మనిషి పిచ్చివాడై, డ్రాక్యులా దేశం నుంచి వచ్చిన శవాల ఓడలో దొరికి, సరిగ్గా కార్ఫాక్స్ ఆబీ పక్క భవనంలో రోగిగా చేరాడు. ఆ వెంటనే అదే ఆబీలో ట్రాన్సిల్వేనియా ప్రభువు దిగాడు. ఈ మూడు సంగతులనూ ఒక దారంలో గుచ్చవలసిన అవసరం సీవర్డ్‌కు తోచదు. సీవర్డ్ వైద్యుడు కదా, రోగి ఎక్కడి నుంచి వస్తున్నాడో ఏ పని మీద వెళ్ళాడో విచారించడా? అతన్ని పంపిన ఆఫీసు వాళ్ళు అతని కోసం వెతకరా? ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే వాన్ హెల్సింగ్ రావలసిన పని ఉండేది కాదు. ఇందుకు సగం జవాబు సినిమాలోనే ఉందని ఫార్మసీ మిత్రుడు పట్టుకున్నాడు. కోటలో డ్రాక్యులా, తమ ప్రయాణం రహస్యంగా ఉంచారా అని రెన్‌ఫీల్డ్‌ను అడుగుతాడు, చెప్పినట్టే చేశానని అతను అంటాడు. అందుకని ఆఫీసు మీద వేసిన ఆరోపణను ప్లీడరు ఉపసంహరించుకున్నాడు, సీవర్డ్ మీద మాత్రం నిలబెట్టాడు.

దీని మూలం కూడా నవలను మార్చడంలోనే ఉంది. నవలలో ట్రాన్సిల్వేనియా వెళ్ళేది హార్కర్. అతను బతికి బయటపడి తిరిగి వస్తాడు కనుక, లండన్‌లో డ్రాక్యులాను గుర్తుపట్టగల మనిషి కథలో ఉంటాడు. సినిమాలో ఆ ప్రయాణాన్ని రెన్‌ఫీల్డ్‌కు ఇచ్చేసరికి హార్కర్‌కు సోఫాలో కూర్చుని విసుక్కోవడం తప్ప పని లేకుండా పోయింది, రెన్‌ఫీల్డ్‌కు మాత్రం ప్రాణం వచ్చింది. ఓడ అడుగున మెట్ల కింద నిలబడి పైకి చూస్తూ ఆ వేషం వేసిన డ్వైట్ ఫ్రై నవ్విన ఆ నవ్వు, అది నవ్వో మూలుగో తెలియని ఆ చప్పుడు, మా ఇంట్లో చాలాకాలం అనుకరణలకు గురైంది. కథలో ఇంత పెద్ద చిల్లు పెట్టిన మార్పే సినిమాకు దాని గొప్ప పాత్రను ఇచ్చింది. ఆ బేరం నాకు సమ్మతమే.

అతని విషయంలో మిగిలిన ప్రశ్నలు మరికొన్ని ఉన్నాయి. గదిలో పెట్టి తాళం వేసిన రోగి, పెద్దమనుషులు మాట్లాడుకునే హాలులోకి ఇష్టం వచ్చినప్పుడల్లా ఎలా వస్తాడు? కాపలాదారు మార్టిన్‌ను ఎందుకు ఉద్యోగంలో ఉంచుకున్నారు? కోటలో డ్రాక్యులా అతని మీద వంగడం మనం చూశాం కదా, మరి అతను కూడా లూసీలాగా రక్తపిశాచి కాకుండా ఈగలూ సాలీళ్ళూ తినే బానిసగా ఎందుకు మిగిలాడు? చనిపోతే తప్ప మారరని ఒక సమాధానం చెప్పుకున్నాం. అన్నిటికంటే వింత పనిమనిషి దృశ్యం. రెన్‌ఫీల్డ్‌ను చూసి ఆమె మూర్ఛపోయి నేల మీద పడుతుంది, అతను చేతులూ మోకాళ్ళ మీద పాకుతూ ఆమె వైపు వస్తాడు, ముఖంలో ఆకలి, దృశ్యం అక్కడితో మసకబారి ఆగిపోతుంది. ఆమెను ఏం చేశాడో సినిమా చెప్పదు. ఆ రాత్రి టేపును వెనక్కి తిప్పి మళ్ళీ చూశాం, తెగిన ముక్క ఏదైనా ఉందేమోనని.

ఫార్మసీ మిత్రుని అభ్యంతరం వేరే జాతిది. లూసీకి పదేపదే రక్తం ఎక్కించినా లాభం లేకపోయిందని ఆపరేషను గదిలో వైద్యులు చెప్పుకుంటారు. రక్త వర్గాలు కనిపెట్టినందుకు లాండ్‌స్టైనర్‌కు నోబెల్ బహుమతి వచ్చినది 1930లో, అంటే ఈ సినిమా షూటింగు జరిగిన ఏడే. నవల నాటి వైద్యులకు ఆ సంగతి తెలియదు గాని, సినిమా కథ జరిగేది ఆధునిక కాలంలో, వేషాలన్నీ 1930 నాటివే. రోజురోజుకూ రోగి రక్తం తగ్గిపోతూ, మెడ మీద రెండు గాట్లు ఉంటే, అదే గాట్లు అంతకుముందు చనిపోయినవారి మెడల మీద కూడా ఉన్నాయని వైద్యులే చెప్పుకుంటూ ఉంటే, రాత్రి పూట ఆమె గది కిటికీ ఎవరూ ఎందుకు మూయరని అతను అడిగాడు. మా నలుగురిలో దయ్యాలకు నిజంగా భయపడినవాడు అతనొక్కడే. అందుకనే ఆ ప్రశ్నను మేము నవ్వకుండా విన్నాం.

ఇక లూసీ. ఆమె చనిపోయిన తరువాత, తెల్లని దుస్తులు వేసుకున్న ఒక అందమైన స్త్రీ చాక్లెట్లు ఆశ చూపి చిన్న పిల్లలను తీసుకుపోయి మెడ మీద కొరుకుతోందని పత్రికలో వార్త వస్తుంది. ఆ స్త్రీ లూసీయేనని మీనాకు తెలుసు, తాను ఆమెను చూశానని వాన్ హెల్సింగ్‌తో చెబుతుంది. ఈ రాత్రి గడిస్తే ఆమె ఆత్మకు శాంతి కలుగుతుందని ఆయన మాట ఇస్తాడు. ఆ రాత్రి గడుస్తుంది, సినిమా కూడా అయిపోతుంది, లూసీ పేరు మళ్ళీ ఎవరూ ఎత్తరు. సమాధికి ఎవరూ వెళ్ళరు, కొయ్య మేకు ఎవరూ తీయరు. డ్రాక్యులా చచ్చిన తెల్లవారి కూడా ఆ పిల్లలకు చాక్లెట్లు అందుతూనే ఉండాలి.

ఒక చిన్న వాక్యం తప్పిపోయింది, అంతే కదా అని కొందరు అనుకోవచ్చు. నవలలో లూసీ సమాధి అధ్యాయం కథకంతటికీ వెన్నెముక. ప్రేమించినవాడే ఆమె గుండెలో మేకు దించవలసి రావడం ఆ పుస్తకంలోకెల్లా ఘోరమైన సన్నివేశం. దానిని తీసేసి, ఆ స్థానంలో ఒక వాగ్దానం మాత్రం ఉంచి, ఆ వాగ్దానాన్ని కూడా మరచిపోవడం మామూలు పొరపాటు కాదు. మా ఇంట్లో దానికి ఒక వాడుక పుట్టింది. గిన్నెలు తోముతానని చెప్పి ఎవరైనా నిద్రపోతే అది ‘వాన్ హెల్సింగ్ మాట’. ఇండియా నుంచి రావలసిన డబ్బు రాకపోయినా, ప్రొఫెసరు దిద్ది ఇస్తానన్న కాగితాలు నెలల తరబడి అందకపోయినా, లూసీ ఏమైనట్టు అని ఒకరినొకరం అడిగేవాళ్ళం. వినేవాళ్ళకు మేము ఎవరో బంధువుల అమ్మాయి గురించి బెంగపడుతున్నట్టు ఉండేది.

కారణాలు వెతికే పని కూడా మేము చేశాం. గ్రంథాలయంలోని సినిమా పుస్తకాలు తిరగేస్తే అర్థమైనది ఏమిటంటే, ఈ సినిమా నేరుగా నవల నుంచి పుట్టినది కాదు, నడుమ ఒక నాటకం ఉంది. హామిల్టన్ డీన్ ఇంగ్లండులో ఆడిన నాటకాన్ని అమెరికా రంగస్థలం కోసం జాన్ బాల్డర్‌స్టన్ తిరగరాశాడు, 1927 అక్టోబరులో బ్రాడ్వేలో అది మొదలైంది, అందులో డ్రాక్యులా వేషం కూడా లుగోసిదే. నాటకంలో కోట లేదు, ఓడ లేదు. కథలో ఎక్కువ భాగం సీవర్డ్ ఇంటి హాలులోనే జరుగుతుంది. నాటకంలో ఆ ఇద్దరమ్మాయిల పేర్లు తారుమారుగా ఉంటాయి, చనిపోయే స్నేహితురాలు తెర లేవకముందే చనిపోయి ఉంటుంది. లూసీ సమాధి సినిమాలో ఎందుకు లేదో నాకు అక్కడే తోచింది. నాటకంలో రంగం మీదికే రాని మనిషిని సినిమా వాళ్ళు తెర మీదికి తెచ్చి, పేరు పెట్టి, చంపి, లేపి, ఆ తరువాత ఆమెతో ఏం చెయ్యాలో నాటకంలో రాసి లేదు కనుక వదిలేశారు.

ఇది వినగానే ప్లీడరు ముఖం వెలిగిపోయింది. తెనాలిలో తాతగారి వెంట పద్యనాటకాలు చూస్తూ పెరిగినవాడు అతను. యుద్ధమంతా తెర వెనుక జరిగి, దూత వచ్చి పద్యంలో చెప్పే పద్ధతి అతనికి కొత్త కాదు. ఈ సినిమా రెండో సగంలో జరిగేది అదేనన్నాడు. హార్కర్ కిటికీ దగ్గర నిలబడి పచ్చిక మీద తోడేలులాంటి జంతువు పరుగెత్తుతోందని చెబుతాడు, మనకు కనిపించదు. ఎర్రని మంచు చీలి వేల ఎలుకలు, లక్షల ఎలుకలు వచ్చాయని రెన్‌ఫీల్డ్ వర్ణిస్తాడు, ఒక్క ఎలుకా కనిపించదు. డ్రాక్యులా తన చేతి నరం తెరిచి రక్తం తాగించాడని మీనా చెబుతుంది. కోరలు కనిపించవు, కాటు కనిపించదు, చివరికి డ్రాక్యులా చావు కూడా చప్పుడుగానే మనకు చేరుతుంది. దూత పద్యం బాగా చదివితే యుద్ధం చూసినట్టే ఉంటుందని, ఫ్రై ఎలుకల వర్ణన అలాంటిదని, హార్కర్ తోడేలు మాత్రం పద్యం మరచిపోయిన నటుడిదని అతని తీర్పు. ఆ సినిమా గురించి నేను విన్న విమర్శలలో దీనికంటే మెరుగైనది లేదు.

ముగింపు కూడా అతనికి మింగుడు పడలేదు. మేకు దించడం అయిపోయింది, మీనా కోలుకుంది, హార్కర్ ఆమెను తీసుకుని ఆ పొడుగాటి మెట్లు ఎక్కుతున్నాడు. వాన్ హెల్సింగ్ మాత్రం తాను ఇప్పుడే రానని, కాసేపాగి వస్తానని అక్కడే ఉండిపోతాడు. అక్కడ ఆయనకు పనేమిటి? అయిదేళ్ళ తరువాత, 1936లో, యూనివర్సల్ వాళ్ళు డ్రాక్యులా కూతురి కథగా తీసిన రెండో భాగం సరిగ్గా ఆ క్షణం నుంచే మొదలవుతుంది. పోలీసులు నేలమాళిగలోకి వచ్చి, మెట్ల కింద మెడ విరిగిన రెన్‌ఫీల్డ్‌నూ పెట్టెలో మేకు దిగిన ప్రభువునూ చూసి, పక్కనే ఉన్న పెద్దమనిషిని హత్యానేరం మీద పట్టుకుంటారు. ఆ పోలీసులు విట్‌బీ వాళ్ళు కావడంతో అట్లాసు వివాదం కూడా ఒక విధంగా తేలింది. ఆ సినిమాలో సీవర్డ్ గాని, హార్కర్ గాని, మీనా గాని సాక్ష్యానికి రారు. తమ ప్రాణాలు కాపాడిన మనిషి జైలులో ఉంటే ఒక్కరూ తొంగిచూడకపోవడాన్ని ప్లీడరు ఏ చిల్లుకంటే పెద్ద చిల్లుగా పరిగణించాడు. పైగా వాన్ హెల్సింగ్ వకీలును పిలవకుండా మానసిక వైద్యుడైన తన పాత శిష్యుణ్ణి రక్షణకు పిలిపించుకుంటాడు. మా వాడికి అది స్వయంగా తనకే జరిగిన అవమానం.

చదువులు ముగిసి ఎవరి దారిన వారు వెళ్ళిన తరువాత ఆ ప్రశ్నలకు జవాబులు అనుకోని దిక్కు నుంచి వచ్చాయి. 1930లో యూనివర్సల్ స్టూడియోలో పగలు బ్రౌనింగ్ బృందం పని చేసి వెళ్ళిపోగానే, రాత్రికి మరో బృందం దిగి, అవే సెట్లలో అదే కథను స్పానిష్ భాషలో తీసింది. డబ్బింగు ఇంకా కుదురుకోని ఆ రోజుల్లో వేరే భాషల ప్రేక్షకుల కోసం అలా రెండోసారి తీయడం హాలీవుడ్‌లో ఉన్న పద్ధతే. దర్శకుడు జార్జ్ మెల్‌ఫోర్డ్, డ్రాక్యులా కార్లోస్ విల్లారియాస్, కథానాయిక లుపితా తోవర్. పగటి బృందం తీసిన ముక్కలను చూసి, వాటికంటే బాగా తీయాలని రాత్రి బృందం పట్టుబట్టిందని చెబుతారు. ఆ సినిమా నిడివి 104 నిమిషాలు, అంటే మేము చూసిన దానికంటే దాదాపు అరగంట ఎక్కువ. చాలాకాలం అది పూర్తిగా దొరకలేదు. పాడైపోయిన ఒక రీలుకు బదులు క్యూబాలో భద్రంగా ఉన్న ప్రతి నుంచి తెచ్చి అతికిన తరువాత, 1992లో వీడియోగా విడుదలైంది. మా ఊరి గ్రంథాలయంలో అది లేకపోవడం వల్ల మేము దాన్ని చూసినది 1999లో రెండు సినిమాలూ కలిపి వచ్చిన డి.వి.డి.లోనే. అప్పటికి మేము నాలుగు ఊళ్ళలో ఉన్నాం. ఒకే శనివారం రాత్రి ఎవరి ఇంట్లో వారు డిస్కు పెట్టుకుని, ఫోనులో మాట్లాడుకుంటూ చూశాం. ప్లీడరుకు అప్పటికే పెళ్ళయింది, వాళ్ళ ఆవిడ ఫోను బిల్లు ఎవరు కడతారని వెనక నుంచి అడుగుతూ ఉండడం మాకు వినబడింది.

పనిమనిషి మూర్ఛపోయే దృశ్యం వచ్చినప్పుడు నలుగురం ఊపిరి బిగపట్టాం. స్పానిష్ రెన్‌ఫీల్డ్ పాకుతూ వచ్చాడు, చెయ్యి చాచాడు, ఆమె ఒంటి మీద వాలిన ఈగను పట్టుకున్నాడు. అంతే! ఇన్నేళ్ళుగా మేము ఊహించిన ఘోరాలన్నీ ఒక ఈగతో తేలిపోయాయి. అవతల నుంచి కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు, తరువాత టెక్సాస్ మిత్రుడు పగలబడి నవ్వాడు. నాకు మాత్రం, నిజం చెప్పాలంటే, కొంత నష్టపోయినట్టు అనిపించింది. బ్రౌనింగ్ సినిమాలో ఆ దృశ్యం తెగిపోయిన చోట ఉన్న భయం ఈగ వాలిన చోట లేదు.

లూసీ విషయం అలా కాదు. ఇక్కడ ఆమె పేరు లూసియా. వాన్ హెల్సింగ్, హార్కర్ ఇద్దరూ శ్మశానం గేటులోంచి బయటికి వస్తూ కనిపిస్తారు, పని పూర్తయిందని వారి మాటలను బట్టి తెలుస్తుంది. మేకు దించడం ఇక్కడా చూపించరు, కాని మాట నిలబెట్టుకున్నారు. అందుకు పట్టినది కొద్ది క్షణాలే. ఆ కొద్ది క్షణాలను పగటి బృందం ఎందుకు మిగల్చలేకపోయిందో నాకు ఇప్పటికీ కోపమే. ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచినది ఒకటుంది. పనిమనిషి దృశ్యంలో మనకు చెప్పకపోవడం వల్ల భయం పెరిగింది. లూసీ విషయంలో చెప్పకపోవడం వల్ల పెరిగినది ఏమీ లేదు, ఆమెను మరచిపోయారన్న సంగతి బయటపడింది, అంతే. రెండు చిల్లులనూ ఒకే గాటన కట్టి తప్పులుగా లెక్కించేవారితో నాకు పేచీ.

స్పానిష్ సినిమా కెమెరా మరింత చురుకుగా కదులుతుంది, కథ మరింత పొందికగా ఉంటుంది, కోటలో రెన్‌ఫీల్డ్ మీద ఎగబడే స్త్రీలు నిజంగానే భయపెడతారు. అన్నీ ఒప్పుకుంటాను. కాని విల్లారియాస్ కళ్ళు ఎంత పెద్దవి చేసినా నవ్వు వస్తుందే తప్ప ఒళ్ళు గగుర్పొడవదు. లుగోసి చెయ్యి చాచి వేళ్ళు మెల్లగా ముడిచినప్పుడు విట్‌బీ ఎక్కడుందో ఎవరికి గుర్తుంటుంది? ఇందుకు ప్లీడరు ఒప్పుకోడు. సాక్ష్యం అంతా స్పానిష్ వైపు ఉంటే లుగోసి వైపు తీర్పు చెప్పడం పక్షపాతమని అతని మాట.

రెండు సినిమాలూ తేల్చని ప్రశ్న ఒకటి మిగిలింది, ఫోను చేసుకున్నప్పుడల్లా అది వస్తూనే ఉంటుంది. కోట నేలమాళిగలో శవపేటికల నుంచి లేచిన ఆ ముగ్గురు స్త్రీలు ఏమయ్యారు? డ్రాక్యులా ఓడ ఎక్కినప్పుడు వారిని వెంట తీసుకురాలేదు. వాన్ హెల్సింగ్ ట్రాన్సిల్వేనియాకు తిరిగి వెళ్ళలేదు. డ్రాక్యులా చావుతోనే వారికీ విముక్తి కలిగిందని ప్లీడరు అంటాడు, అందుకు మీనా కోలుకోవడమే సాక్ష్యం అంటాడు. మీనా బతికి ఉన్న మనిషి, ఆ ముగ్గురూ ఏనాడో చనిపోయినవారు, లూసీ పక్షాన ఉన్నవారు, కనుక ఆ న్యాయం వారికి వర్తించదని నేను అంటాను. యజమాని చస్తే చాలు అందరూ విడుదలయ్యేటట్టయితే లూసీ కోసం స్పానిష్ వాళ్ళు శ్మశానానికి పోవలసిన పనేముంది? ఈ మధ్య అతను కొత్త సాక్ష్యం తెచ్చాడు. 1936 నాటి రెండో భాగం చివర కథ మళ్ళీ ఆ కోటకే చేరుతుంది గాని ఆ ముగ్గురి జాడ అక్కడ ఉండదు, అంటే వారు లేరనే కదా అన్నాడు. ఆ సినిమాను పోలీసులు వచ్చే దృశ్యం దాటి నేను ఎప్పుడూ శ్రద్ధగా చూడలేదు, కోటలో వాళ్ళు నేలమాళిగ వరకు దిగారో లేదో చూసి చెబుతానని వాయిదా అడిగాను.